ఎర్రమ్మ వేళ్లు, పద్నాలుగు మోకులు

నమోదు 1
ఆశ్వయుజ శుద్ధ విదియ

తెప్పలూరులో పొద్దున లేవగానే చేయాల్సిన పనులు మూడున్నాయని నిన్న దిగగానే చెప్పారు. రాత్రి మంచానికి కట్టిన తాడు విప్పాలి. తెప్ప నాలుగు మూలల్లోని పీపాలను తట్టి, లోపలికి నీరు చేరిందేమో చప్పుడును బట్టి తెలుసుకోవాలి. కప్పు మీద పరిచిన మంచుగుడ్డను పిండి ఆ నీళ్లు కుండలో పోసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే పళ్లు తోముకోవడం. ఈరోజు నా మంచుగుడ్డ నుంచి చెంబుడు నీళ్లు కూడా రాలేదు. పక్క తెప్పలో ఒకామె చూసి, తన కుండలోంచి కాసిని వంచి వెళ్లిపోయింది.

సముద్రం కళింగపట్నం రేవును మింగేశాక ఒడ్డున చోటు దొరకనివాళ్లు నీళ్ల మీదే ఊరు కట్టుకున్నారు. రెండు వందల పది తెప్పలు, తొమ్మిది వందల మంది. ఈ ఊరంతటినీ సముద్రం అడుగున లంగరేసిన పద్నాలుగు మోకులు పట్టి ఉంచుతాయి. ఒక్కో మోకూ నా మోచేయంత లావు. కెరటం పైకి లేచినప్పుడు మోకు వదలాలి, దిగినప్పుడు లాగాలి. వదలకపోతే తెగుతుంది. ఎక్కువ వదిలితే తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

ఇదివరకు ఈ పనికి ఇనుప మీటలు ఉండేవి. ఆరు నెలల కిందట వాటిని తీసేసి ఒక తాకుతెర పలక ఇచ్చారు. పలక మీద వేలు జరిపితే మర తిరిగి మోకు కదులుతుంది. వేలు ఎక్కడ ఆనింది, ఎటు జరిగింది, ఎప్పుడు లేచింది అని యాప్‌కు అర్థమయ్యేలా కోడ్ రాయడమే పంతొమ్మిదేళ్లుగా నా వృత్తి. అందుకే పిలిపించారు.

తెప్పల సంఘం కార్యదర్శి లక్ష్మునాయుడు సూటిగా విషయానికి వచ్చాడు.

“సుహాసినిగారూ, మీరు ఒక్క సంగతి తేల్చాలి. తప్పు యాప్‌దా, మోకులు నడిపే ఎర్రమ్మ చేతిదా? రెండు నెలల కిందట నాలుగో మోకు ఉన్నపళంగా వెనక్కి లాగేసింది. రెండు తెప్పలు గుద్దుకుని గురయ్య కాలు విరిగింది. యాప్ చిట్టాలో చూస్తే ‘వాడేవారి పొరపాటు’ అని ఉంది. తుపాన్ల కారు వచ్చేసింది. చేతిదే తప్పయితే ఆవిణ్ని దించేసి, మోకులన్నీ తనంతట తానే నడిచే యంత్రానికే ఒగ్గేద్దాం.”

“ఎంతకాలంగా చేస్తున్నారావిడ?”

“ఊరు కట్టిన కాడి నుంచి” అన్నాడతను. ఆ మాట అన్నాక కాసేపు నా వైపు చూడలేదు.

నమోదు 2
శుద్ధ తదియ

కాపలా తెప్ప ఊరికి తూర్పు కొసన ఉంది. పలకను రొమ్ము ఎత్తున ఒక గుంజకు బిగించారు. దాని ముందు ఎర్రమ్మ ఒట్టి కాళ్లతో నిలబడి ఉంది. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. మోకులను చేత్తో లాగిన రోజుల నుంచి ఇదే పని చేయడం వల్ల ఆమె వేళ్ల కొసలు చెంచాల్లా చదునుగా, అరిచేతులు చెక్కలా ఉన్నాయి.

“ఏటమ్మీ అలా సూత్తన్నావ్? నా సెయ్యేటి, బొమ్మా?”

“మీ చేతిని చూడ్డానికే వచ్చానండీ.”

“అండీ గిండీ ఒద్దు. ఈ ఊర్లో అందరూ నన్ను అప్పా అంటారు. నువ్వూ అలాగే పిలు.” అప్ప అంటే ఇక్కడ అక్క.

గంటసేపు ఆమె పక్కనే నిలబడ్డాను. ఆ గంటలో యాప్ ఆమె వేలిని ఇరవై మూడుసార్లు కాదంది. కారణాలు రెండు. ఒకటి, ఆమె వేలికొన తెర మీద పెద్ద మచ్చగా పడుతుంది. అది పొరపాటున ఆనిన అరిచేయి అనుకుని యాప్ తోసేస్తుంది. రెండోది, ఆమె ఒక మోకును ఒక వేలితో బిగబట్టి, పక్క మోకును ఇంకో వేలితో వదులుతుంది. రెండు వేళ్లు దూరం జరిగాయి కదా, బొమ్మ పెద్దది చేయమంటున్నారు కాబోలని యాప్ అనుకుంటుంది.

“సూసావా?” అంది ఎర్రమ్మ. “నాను మోకొగ్గమంటే అది బొమ్మ పెద్దది సేత్తాది. నా కళ్లు బాగానే కనిపిత్తన్నాయని ఎన్నిసార్లు సెప్పినా ఇనదు.”

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. కెరటం ఒకటి వస్తోంది, ఆమె దృష్టి దాని మీద ఉంది.

నమోదు 3
శుద్ధ పంచమి

ఈరోజు రాయాలనిపించడం లేదు. అయినా రాయాలి.

తెర మీద మొదలైన తాకిడి సవ్యంగా ముగియాలి. మధ్యలోనే యాప్ దాన్ని కాదనుకుంటే మా భాషలో దాన్ని రద్దు అంటాం. అప్పటిదాకా జరిగినదాన్ని ఏం చేయాలన్నది రాసేవాళ్ల ఇష్టం. పన్నెండేళ్ల కిందట, ఫోటోలు చూసుకునే యాప్ కోసం ఒకరు ఒక కోడ్ వరుస రాశారు. తాకిడి రద్దయితే జరిపినదాన్ని మొదట ఉన్నచోటికే పంపమని దాని అర్థం. ఫోటో విషయంలో అది మర్యాద. ఫోటో చక్కగా జారుకుంటూ తన చోటికి పోతుంది.

ఆ వరుస చేతులు మారి మారి మోకు యాప్‌లోకి చేరింది. ఇక్కడ మొదట ఉన్నచోటికి పంపడమంటే, అప్పటికి వదిలిన పదిహేను మూరల మోకును ఒక్క ఊపున వెనక్కి లాగడం. గురయ్య కాలు విరిగిన నాడు ఎర్రమ్మ వేలిని యాప్ అరిచేయనుకుంది. తాకిడి రద్దయింది. మోకు లాగేసింది.

వరుస పక్కన రాసినవాళ్ల పేరు ఉంది. కిల్లి సుహాసిని. నా పేరే.

మధ్యాహ్నం వెళ్లి ఎర్రమ్మకు చెప్పాను. ఆమె చేపలు కడుగుతోంది. పూర్తిగా విని, చేతిలోని చేపను కడగడం ముగించి, పళ్లెంలో పెట్టింది.

“గురయ్య నా సెల్లి మొగుడు. అది రెండు నెలలై నాతో మాటాడ్డం నేదు.”

“నేను క్షమాపణ...”

“నాకు కాదమ్మీ. దానికి సెప్పు.”

వెళ్లాను. గురయ్య కట్టు కట్టిన కాలు చాపుకుని వల అల్లుతున్నాడు. ఆయన భార్య పోలమ్మ గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. తప్పు చేతిది కాదని, రాతదని, ఆ రాత నాదని చెప్పాను. యాప్ అంటే ఏమిటో, రద్దు అంటే ఏమిటో వివరించబోతే ఆపమన్నట్టు చేయి ఎత్తింది.

“మా అప్ప సెయ్యి కాదు. అంతేనా?”

“కాదు.”

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత నన్ను దాటుకుని, చెక్క వంతెనల మీదుగా కాపలా తెప్ప వైపు పరుగు లాంటి నడకతో వెళ్లిపోయింది. నేను, గురయ్య మిగిలాం. ఆయన కాసేపు వల అల్లి, “కూకో, టీ అది వచ్చాక పెడతాది” అన్నాడు.

సాయంత్రానికల్లా ఆ వరుస తీసేశాను. ఇప్పుడు తాకిడి రద్దయితే మోకు ఎక్కడుందో అక్కడే ఆగుతుంది.

నమోదు 4
శుద్ధ సప్తమి

అరిచేతిని తోసేసే వడపోతను తీసేశాను. బొమ్మ పెద్దదయ్యే సదుపాయాన్నీ తీసేశాను. ఏ వేలు ఏ మోకు మీద పడితే ఆ మోకు ఆ వేలిదే. ఎర్రమ్మ పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇంకొక వడపోత మిగిలింది. ఆమె వేలు జరుగుతున్నంతసేపూ సన్నగా వణుకుతుంది. వయసు మీద పడిన వణుకని నేనూ అనుకున్నాను. యాప్ ఆ వణుకును చదును చేసి, గీతను నున్నగా మార్చి మరకు పంపుతోంది. దాన్ని తీసే ముందు ఒకసారి చూద్దామని ఆమె వేలి కదలికను ఉన్నదున్నట్టు కాగితం మీదికి గీయించాను. దాని కింద, ఊరికి బయట తేలే కొలబద్ద పంపిన కెరటాల గీతను పెట్టాను.

రెండు గీతలూ ఒకటే ఆకారం.

వణుకు కాదది. ప్రతి చిన్న కెరటానికీ ఆమె మోకును జానెడు వదిలి, జానెడు లాగుతోంది, పసిబిడ్డ ఉయ్యాలను ఊపినట్టు. అది సరే, నన్ను నిలబెట్టేసింది వేరే సంగతి. ఆమె గీత కెరటాల గీత కంటే ముందుంది. ఒకటిన్నర సెకను ముందు. కొలబద్దను కెరటం తాకకముందే ఆమె వేలు కదిలింది. నాలుగు గంటల గీతలు తీసి చూశాను. అంతటా అంతే.

గీతలు పట్టుకుని వెళ్లి, ఎలా తెలుస్తుందని అడిగాను.

“ఏటి ఎలా తెలుత్తాది?”

“కెరటం వస్తోందని. కొలబద్దకంటే ముందే.”

ఆమె నా చెప్పుల వంక చూసింది.

“తోలు కట్టుకుని తిరుగుతావు, నీకెలా తెలుత్తాది? కెరటం ముందు నీరు కిందనించి లాగుతాది. అప్పుడు తెప్ప కూసింత కూకుంటాది. అరికాలికి తెలీదేటి?”

చెప్పులు విప్పి గంటసేపు ఆమె పక్కన నిలబడ్డాను. నా అరికాలికి చెక్క తడి తప్ప ఏమీ తెలియలేదు. అయినా ఆ గంట నాకు బాగుంది. పంతొమ్మిదేళ్లలో లక్షల మంది వేళ్ల లెక్కలు చూసిన దాన్ని. ఇలాంటి చేతిని చూడలేదు. నున్నగా చేసే వడపోతను తీసేశాను.

నమోదు 5
శుద్ధ నవమి

ఆయుధ పూజ. ఊళ్లో వలలకు, కత్తులకు, మరలకు బొట్లు పెట్టారు. పూజారి ఎవరూ ఆపకముందే పలకకు కూడా తడి పసుపు రాసి కుంకుమ అద్దాడు. ఏడో మోకు గిర్రున తిరిగి రెండు మూరలు వదిలేసింది. యాప్ కుంకుమ బొట్టును వేలనుకుంది.

అందరూ పగలబడి నవ్వారు. “అమ్మోరే తాకిందిరా” అన్నారెవరో. నేను నవ్వలేకపోయాను. వడపోతలన్నీ పీకేశాను కదా. తడి బొట్టునే వేలనుకునే యాప్, వానలో ఏం చేస్తుంది?

నమోదు 6
పౌర్ణమి

ఒడ్డు నుంచి కబురు వచ్చింది. వాయుగుండం తుపానుగా మారింది. ఐదు రోజుల్లో మన మీదికి.

మొన్ననే మోకుల నుంచి పలకను విడదీసి, దాని మీద చెంబుతో నీళ్లు చల్లి చూశాను. యాప్‌కు నలభై వేళ్లు కనిపించాయి. చుక్కలన్నీ మోకులు పట్టి వదులుతున్నాయి. పాత వడపోతలు పెడితే చుక్కలు ఆగుతాయి, ఎర్రమ్మ వేళ్లూ ఆగుతాయి. అరసెకను ఆనించి ఉంచిన దాన్నే వేలుగా తీసుకుందామా అని ఆమెనే అడిగాను.

“అరసెకను ఆలీసమా? అప్పటికి కెరటం నీ ఇంట్లో కూకుంటాది.”

రెండు రోజులుగా దారి దొరకలేదు. ఈరోజు పొద్దున ఎర్రమ్మ నా ముఖం చూసి, మూల పడి ఉన్న పాత మోకు ముక్కను తెచ్చింది. దాన్ని గుంజకు ఒక చుట్టు తిప్పి, ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస తను పట్టుకుంది.

“ఒగ్గు.”

వదిలాను. మోకు నా అరిచేతిని కోసుకుంటూ జారింది.

“అదీ నీ ఒగ్గడం. మోకు ఒగ్గాలంటే ముందు కూసింత నీ ఏపు లాగాల. బరువు సేతికొత్తాది. వచ్చాక అప్పుడొగ్గాల. లాగకుండా ఒగ్గినోళ్లకి ఈ ఊర్లో ఎవుడికీ సేతి ఏళ్లు నేవు.”

మంట పుడుతున్న అరిచేతిని ఊదుకుంటూ నిలబడ్డాను. అప్పుడు తట్టింది. పరుగున వెళ్లి దాచిన గీతలన్నీ తీశాను. నాలుగు వేల వంద తాకిడులు. ప్రతిదాంట్లోనూ వేలు తెర మీద పడగానే మొదట తన వైపు, బియ్యపుగింజ అంత మేర జరిగి, ఆ తర్వాతే ముందుకు వెళ్లింది. లాగేటప్పుడు దీనికి తిరగేసి. తెర మీద మోకు లేదు, బరువూ లేదు. అయినా నలభై ఏళ్ల అలవాటు ఆ వేళ్లను వదల్లేదు.

వాన చుక్క అలా చేయదు. గాలి ఎటు తోస్తే అటే, వాలు ఎటుంటే అటే పోతుంది. ముందు ఒకవైపు వచ్చి, మరుక్షణం రెండో వైపు తిరగడం వేలికే చేతనవును. అలా తిరిగిన తాకిడినే మోకు పట్టిన వేలుగా తీసుకోమని రాశాను. దానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు.

రాసింది పద్దెనిమిది వరుసలు. నేర్పింది ఆమె.

నమోదు 7
బహుళ తదియ

లక్ష్మునాయుడు మూడు బిందెల నీళ్లు స్వయంగా పలక మీద పోసి చూశాడు. ఏ మోకూ కదల్లేదు. నీళ్లు కారుతుండగానే ఎర్రమ్మ వేలు పెట్టింది. నాలుగో మోకు కదిలింది.

“బాగుంది. కానీ తుపాను రోజున కూడా ఆవిడే నిలబడాలా? అరవై దాటిన మనిషి. యంత్రానికి అలుపు రాదు కదా” అన్నాడు. అతని మాటలో పట్టుదల లేదు, భయం ఉంది. తొమ్మిది వందల మంది భయం.

గీతల కాగితం చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

“అంటే, యంత్రం కెరటం వచ్చాక కదులుతాది. అప్ప అది రాకముందే కదులుతాది. అంతేనా?”

“అంతే.”

“ఈ మాట మీ పేరు మీద రాసి ఇస్తారా?”

ఇచ్చాను. ఆ వరుస పక్కన ఉన్న పేరునే దీని కిందా రాశాను.

తూర్పువైపు ఆరు మోకులు ఎర్రమ్మవి. బరువు పడేది వాటి మీదే. మిగిలిన ఎనిమిదీ యంత్రానికి. నేను ఆమె పక్కన ఉండాలని ఆఖరున లక్ష్మునాయుడు షరతు పెట్టాడు. అది అతను పెట్టకపోతే నేనే అడిగేదాన్ని.

నమోదు 8
బహుళ పంచమి

పిల్లలను, ముసలివాళ్లను మధ్య వరుసల్లోకి చేర్చారు. పొయ్యిలు ఆర్పారు. తెల్లవారాక ఎనిమిది గంటలకు మా ఇద్దరి నడుములకూ తాళ్లు కట్టి గుంజకు బిగించారు. నేను చెప్పులు విప్పేశాను.

తొమ్మిదికి గాలి మొదలైంది. పదికల్లా పక్కనున్న మనిషి గొంతు వినబడడం మానేసింది. వాన అడ్డంగా కొడుతోంది. పలక మీద నీళ్లు ఏరులా పారుతున్నాయి. ఆ నీటి కింద ఎర్రమ్మ ఆరు వేళ్లు, చేతికి మూడు చొప్పున, ఆరు మోకుల మీద. నా పని చూడడమే. యాప్ ఏ వేలినైనా కాదంటుందేమోనని చూస్తూ నిలబడ్డాను. ఒక్కటీ కాదనలేదు.

ఆమె చేతుల్ని చూడడానికి నాకు ఆ పూట దొరికిన కారణం అది. ఆరు వేళ్లూ ఆరు వేర్వేరు మనుషుల్లా కదిలాయి. ఒకటి బిగబడితే ఒకటి వదిలింది. ఒకటి సాగుతుంటే దాని పక్కది మెల్లగా వెనక్కి జరిగింది. ఇంటి కప్పు కంటే ఎత్తయిన కెరటం లేచి మీదికి వస్తుంటే, నేను కళ్లు మూసుకునేలోపే ఆమె వేళ్లు వదిలేసి ఉండేవి. ఊరంతా ఒక్కటిగా, ఊపిరి పీల్చినట్టు పైకి లేచి, ఊపిరి వదిలినట్టు దిగేది. తెప్పకూ తెప్పకూ మధ్య చెక్క వంతెనలు కిర్రుమన్నాయి గానీ విరగలేదు.

పన్నెండు దాటాక ఆమె ఎడమచేయి ఆగింది.

మూడు వేళ్లూ కొంకర్లు పోయి పక్షి గోళ్లలా వంకరగా బిగిశాయి. ఆమె ఆ చేతిని రొమ్ముకు కొట్టుకుంది, తొడకు కొట్టుకుంది. విచ్చుకోలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

“నీ ఏలెట్టు!”

“నాకు రాదప్పా!”

“ఏలెట్టు! మూడూ! నా కాలు సూసుకో!”

ఒకటి, రెండు, మూడు మోకుల మీద నా మూడు వేళ్లు పెట్టాను. ఆమె తన పాదాన్ని నా పాదం మీద పెట్టి గట్టిగా తొక్కింది. అర్థమైంది. వేళ్లను నా వైపు గింజంత లాగి, ముందుకు వదిలాను. కెరటం అప్పుడు వచ్చింది. తెప్ప లేచింది, మోకులు నిలిచాయి. ఆమె పాదం తేలికైంది. నేను లాగాను.

అలా గాలి తగ్గేదాకా, దాదాపు నాలుగు గంటలు. ఆమె కుడిచేయి మూడు మోకులు నడిపింది, ఆమె కాలు నా చేత మూడు నడిపించింది. తప్పులు చేశాను. ఒకసారి తొందరపడి ఎక్కువ వదిలితే మొదటి వరుస తెప్పలు రెండు ఒరుసుకుని ఒక పీపా పగిలింది. ఆమె నా వైపు తిరిగి కూడా చూడలేదు. కాలితో ఇంకొంచెం గట్టిగా తొక్కింది, అంతే. ఆ తర్వాత పాదం బరువును బట్టి ఎంత వదలాలో కూడా తెలుస్తూ వచ్చింది.

మధ్యాహ్నం రెండింటప్పుడు, ఆమె పాదం ఇంకా నొక్కకముందు, నా అరికాలి కింద చెక్క సన్నగా కిందికి లాగినట్టనిపించింది. తెప్ప కూసింత కూర్చుంది. నా వేళ్లు కదిలాయి. ఆ వెంటనే ఆమె పాదం నొక్కింది.

ఒక్కసారే అలా జరిగింది. మళ్లీ రాలేదు. కానీ జరిగింది.

నమోదు 9
అదే రోజు, సాయంత్రం

నాలుగు గంటలకు గాలి తగ్గింది. లక్ష్మునాయుడు గోచీ బిగించి తెప్ప తెప్పకూ తిరిగి లెక్కపెట్టాడు. రెండు వందల పది. మనుషులను కూడా లెక్కపెట్టాడు, రెండుసార్లు. అందరూ ఉన్నారు. ఆ మాట చెప్పడానికి కాపలా తెప్ప దాకా వచ్చి, ఎర్రమ్మ ముందు నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

“నాకెందుకు దండం? ఆ మూడో మోకు మర నూనె అడుగుతోంది, సూడు” అందామె.

నడుముకు కట్టిన తాడు విప్పగానే ఇద్దరం అక్కడే కూలబడ్డాం. ఎవరో గిన్నెలో అన్నం, చింతపండు పులుసు తెచ్చిపెట్టారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఎర్రమ్మ అన్నంలో చేయి పెట్టింది. వేళ్లు వంగలేదు. ఇంకో చేయి పెట్టింది. అది విచ్చుకోలేదు. ఆరు మోకులు నడిపిన చేతులు ఒక మెతుకును పట్టుకోలేకపోయాయి. ఆమె తన వేళ్ల వైపు ఆశ్చర్యంగా, ఎవరివో అన్నట్టు చూసింది.

నేను గిన్నె నా ఒడిలోకి తీసుకుని అన్నం కలిపాను. చిన్న ముద్ద చేసి ఆమె నోటికి అందించాను. ఆమె కొంచెం సిగ్గుపడి, తర్వాత నోరు తెరిచింది. నమిలి మింగింది.

“పిట్టకెడతన్నావేటమ్మీ? పెద్ద ముద్దెట్టు. ఆకలేత్తంది.”

పెద్ద ముద్ద చేశాను.